రేణుకమ్మ అలంకారాలు

రేణుకమ్మకు నలభై మూడేళ్లు. ఎయిర్‌పోర్టులో పన్నెండేళ్లుగా ఊడ్చి తుడిచే పని. సూపర్‌వైజర్ కావాలంటే పదో తరగతి మెమో తెమ్మన్నారు. సరేనని ఓపెన్ స్కూల్లో ఫీజు కట్టింది. లెక్కలు గట్టెక్కాయి గానీ తెలుగు రెండుసార్లు తప్పింది. అంతా ఆ అలంకారాల వల్లే! నిర్వచనం మొదలుపెడితే చాలు, సగంలో నాలుక మడతపడేది.

చోద్యం చూడండి, గగన్‌పహాడ్ నుంచి కొత్తూరు దాకా చావింట్లో రాగం కట్టి శోకం తీయాలంటే ఆమె తర్వాతే ఎవరైనా. అంత గొంతున్న మనిషికి నాలుగు వాక్యాలు నోటికి రాకపోవడమేమిటి? ఈ వయసులో చదువేందని నవ్వినవాళ్లకు మాత్రం జవాబు సిద్ధంగా ఉండేది. "నవ్విన నాపచేనే పండుతది. తప్పితె మల్ల ఫీజు గడ్త."

ఇంట్లో ఆమె చేత పాఠం అప్పజెప్పించుకునేది అత్త సత్తెమ్మ. అక్షరం ముక్క రాదు. అయినా పుస్తకం పట్టుకొని కూర్చునేది. కోడలు తడబడితే, "ఆగినవ్. మల్ల మొదలువెట్టు" అని గద్దించేది.

పరీక్షకు మూడు వారాలుందనగా ఆ అత్త పోయింది. రేణుకమ్మ గుండెలు బాదుకుంటూ శోకం తీసింది. పలకరించడానికి వచ్చిన ట్యూషన్ టీచర్ అనుపమ గుమ్మంలోనే నిలబడిపోయింది.

దినాలయ్యాక అనుపమ అడిగింది. "అక్కా, ఆనాడు ఏమని ఏడ్చినవో యాదికున్నదా? ‘కోడి పిల్లల దాసినట్టు మమ్ముల దాస్తివి’ అన్నవ్. అది ఉపమ. ‘నా ఇంటి దీపమా’ అన్నవ్, రూపకం. ‘నా కండ్లనీళ్లకు చెర్వు అలుగువారె’ అంటే అతిశయోక్తి."

"అయ్యో, గింతేనా!" రేణుకమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "మరి స్వభావోక్తి?"

"ఉన్నదున్నట్టు, కండ్లకు గట్టినట్టు చెప్పుడు."

"శోకంల ఉన్నదున్నట్టు ఎవరు చెప్తరు మేడం?"

ఆ ఒక్కటీ పట్టుబడలేదు. డ్యూటీ బస్సులో రానూపోనూ వల్లెవేసింది, అయినా నిలవలేదు.

పరీక్షలో సరిగ్గా అదే వచ్చింది. స్వభావోక్తిని సొంత ఉదాహరణతో వివరించమన్నారు. పెన్ను ఆగిపోయింది. పావుగంట గడిచింది. మళ్లీ తప్పుతానేమో అనుకుంది. అప్పుడు అత్త గద్దింపు గుర్తొచ్చింది. ఆగినవ్, మల్ల మొదలువెట్టు. పళ్లు బిగించి రాసింది.

"మా అత్తకు చదువు రాదు. పుస్తకం తలకిందులుగా పట్టుకొని, అద్దాలు ముక్కు మీదికి జార్చి, నేను చదువుతుంటే వరుస మీద వేలు జరిపేది. నేను ఆగితే వేలు ఆగేది."

పాసయినట్టు మెమో వచ్చిన రోజు రేణుకమ్మ దాన్ని అత్త ఫొటో ముందు తలకిందులుగా నిలబెట్టింది.

"గట్ల వెట్టినవేందే?" అన్నాడు భర్త బుచ్చయ్య, సరిచేయబోతూ.

ఆమె అతని చెయ్యి పట్టుకొని ఆపింది. "ఉండనియ్యి. ఆమె గట్లనే సదువుతది."