ఉర్దూ సార్ ఇంటి గాజుపెట్టె

మొన్న నల్లగొండలో మా అక్క ఇంటికి పోయేసరికి వరండా నిండా చెప్పులు. అక్క కూతురూ, దాని కాలేజీ స్నేహితులూ పట్నం పోయి అక్వేరియం చూసొచ్చి, ఇండ్లకు పోకుండా అక్కడే కూలబడి ముచ్చట్లు పెట్టుకున్నారు. ఒక పిల్లవాడు చేప అద్దం దగ్గరికొచ్చి తననే చూసిందంటాడు. "నిన్నేం జూస్తదిరా, నీ ఎనుక నిలబడ్డ నన్ను జూసింది" అంటుంది ఒక పిల్ల. ఇంకొకడైతే చేపల రంగు యాదిలేదనీ, బయట తిన్న మిర్చి బజ్జీలే యాదున్నాయనీ నిజాయితీగా ఒప్పుకున్నాడు. అందరూ ఒకే బస్సులో పోయి, ఒకే అద్దం ముందు నిలబడి వచ్చినవాళ్లే. ఒకరు చూసింది ఇంకొకరు చూడలేదు. నేను నవ్వుకుంటూ కుర్చీ లాక్కొని కూర్చున్నాను. అప్పుడు మేనకోడలు నావైపు తిరిగి, "మామా, నువ్వు చిన్నగున్నప్పుడు చేపను జూపెట్టి మీ సార్‌ను బతికించినవంట గదా! వీళ్లకు జర చెప్పు" అన్నది. లోపల అక్క ఛాయ్ గిన్నె దించుతున్న చప్పుడు ఆగిపోయింది.

ఆ కథ మా దిక్కు చాలామందికి తెలుసు. అందులో చేప నిజం, సార్ నిజం. నేను మాత్రం నిజం కాదు. ఆ పిల్లలకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మాది మూసి ఒడ్డున, కేతేపల్లి దగ్గర ఒక ఊరు. నైజాం రోజులు కాబట్టి బడిలో చదువంతా ఉర్దూలోనే. మా సార్ బక్కపలచటి మనిషి. కోపం వస్తే బెత్తం వెతుక్కునేవాడు, అది దొరికేలోపల కోపం పోయేది. ఆయనకు ఒకటే పిచ్చి. లోకంలో ఉన్న వింత ఏదైనా సరే, మా ఊరి పిల్లలు దాన్ని చూసి తీరాలి. ఒకసారి భూతద్దం తెచ్చి ఎండలో దాని మహిమ చూపించబోయి పట్వారీ గొడుగుకు బొక్క పెట్టాడు. గొడుగు కంటే పట్వారీని సముదాయించడం కష్టమైందని తర్వాత చాలా రోజులు చెప్పుకొని నవ్వేవాడు.

ఆయన బామ్మర్ది పట్నంలో ఒక నవాబు తోటలో మాలి. ఆ నవాబు ఇల్లు ఖాళీ చేస్తూ, పాత సామానుతోపాటు చేపల గాజుపెట్టెను కూడా ఎవరికో ఒకరికి ఇచ్చేస్తున్నాడని తెలిసి, సార్ భార్యను వెంటబెట్టుకొని పోయి తెచ్చుకున్నాడు. అంచులకు ఇనుప పట్టీలు, మనిషి పొడవు. పగలకుండా దానికి గొంగళ్లు చుట్టి, తాళ్లతో కట్టి, ఎడ్లబండిలో వేసుకొని పొద్దుగూకే వేళకు ఊరికి చేరాడు. నలుగురు మోస్తుంటే చుట్టూ తిరుగుతూ "ఆహిస్తా, మెల్లగ, ఆహిస్తా" అని మొత్తుకున్నాడు. చేపలు వేరే కుండలో ఆయన భార్య ఒళ్లో వచ్చాయి. ఆమెది ఘోషా. ఆమె ఒళ్లో ఏముందో ఎవరు చూస్తారు?

అప్పటి రోజులు ఎట్లాంటివంటే, ఊళ్లో వడిసెలలు పట్టుకొని బురుజు మీద కాపలా కాసేవాళ్లు. రజాకార్లు ఎప్పుడు వచ్చి పడతారో, ఎర్రజెండా సంఘపోళ్ల కోసం ఎవరి ఇల్లు సోదా అవుతుందో తెలియదు. అట్లాంటప్పుడు ఇనుప అంచుల పొడుగు పెట్టె గొంగళ్ల చాటున ఒక ముసల్మాను ఇంటికి వస్తే, అందులో ఏముందో ఊరికి ఎవరూ చెప్పే అక్కర లేకపోయింది. పైగా బండి తోలినవాడు, "లోపల ఏందో గలగలమన్నదే" అన్నాడు. అవి తొట్టి అడుగున పరిచే గులకరాళ్లు. ఊరు మాత్రం తూటాలనుకున్నది.

ఈ మాట సార్ చెవిన పడింది. ఆయనకు తోచిన ఉపాయం ఒకటే. పై తరగతి పిల్లలందర్నీ ఇంటికి పిలిచాడు. అక్క అప్పటికి బడి మానేసింది. అయినా "తమ్ముడు ఆడ అల్లరి చేస్తడు, నేను పోత" అని బాపును ఒప్పించి మా వెంట వచ్చింది. ఘోషా ఇల్లు కాబట్టి మేమంతా ముందర అర్రలోనే ఆగాం. అక్క ఒక్కతే లోపలిదాకా పోగలిగింది. అర్రలో చీకటి, తడి, ఊదు పొగ వాసన. కిటికీలో నుంచి పడే ఎండను సార్ గడ్డం గీసుకునే అద్దంతో మళ్లించి నీళ్లలోకి కొట్టాడు. నారింజ తొనల్లాంటి చేపలు ఒక్కసారి మెరిశాయి. చెరువు చేపను పైనుంచే చూసినవాళ్లం. అది ఈదుతుంటే పక్కనుంచి దాని మొహం చూడటం అదే మొదలు. తర్వాత సార్ భార్య సేమియా పంపింది.

ఇండ్లకు పోయి చూసింది చెప్పాం. ఒకడు చేప మోచెయ్యంత ఉందన్నాడు, ఒకడు బంగారంతో చేసిందన్నాడు, ఇంకొకడు అది తన పేరు పెట్టి పిలిచిందన్నాడు. మా పెదబాపు అంతా విని చుట్ట ముట్టించి, "చూసింది ఒక్కటే అయితే, గిన్ని తీర్ల ఎట్ల జెప్తరు? పోరగాండ్లకు సేమియా బెట్టి పంపిండు" అని తేల్చేశాడు. పెట్టెలో తుపాకులున్న సంగతి దాంతో ఖాయమైంది.

ఆ వానాకాలం పోతూ పోతుండగా పోలీసు యాక్షన్ జరిగింది. యూనియన్ మిలిట్రీ వచ్చింది, రజాకార్లు మాయమయ్యారు. వాళ్లు ఇండ్లు కాలబెట్టి పోయిన పక్క ఊళ్ల మనుషులు మాత్రం మిగిలారు. ఒకరోజు పొద్దున వాళ్లు కట్టెలు, గొడ్డళ్లు పట్టుకొని సార్ ఇంటి ముందుకు వచ్చారు. మా ఊరివాళ్లూ కలిశారు. తలుపు లోపలినుంచి గడియ పెట్టి ఉంది. పెదబాపు నన్ను రెక్క పట్టుకొని ముందుకు లాగాడు.

"నువ్వు లోపలికి పోయినోనివే గదరా. నిజం జెప్పు, పెట్టెల ఏముండె?"

చుట్టూ ఉన్న మొహాలు చూశాను.

"నాకు తెల్వదు పెదబాపు. నేను మంచిగ సూడలే."

ఇంకో మాట అనే లోపలే వెనకనుంచి ఎవరో తలుపు మీద కట్టెతో కొట్టారు. అప్పుడే ఆ తలుపు లోపలినుంచి తెరుచుకుంది. గడప మీద అక్క. పెరటి దిక్కునుంచి ఎప్పుడు దూరిందో! చేతిలో నీళ్ల చెంబు. నేరుగా పెదబాపు ముక్కు కిందికి తీసుకుపోయింది.

"సూడు పెదబాపు, తుపాకి ఈదుతాంది."

పెదబాపు వంగి చూశాడు. చేప తోక విదిలించి ఆయన మీసాల మీద నీళ్లు చల్లింది. ఎవరో కిసుక్కున నవ్వారు. గొడ్డలి పట్టుకున్న పక్క ఊరి మనిషి నవ్వలేదు. "తక్కినయి ఏడ?" అన్నాడు. "లోపలున్నయి. గొడ్డలి బయటబెట్టి రా అన్నా, చూపెడత. అద్దం పలుగుతది" అన్నది అక్క. అతను గొడ్డలిని అరుగు మీద పెట్టాడు. తర్వాత ఒకరి వెనక ఒకరు, బడిపిల్లల్లాగా లోపలికి పోయారు. సార్ అద్దం పట్టుకొని వాళ్ల కోసం ఎండను నీళ్లలోకి కొట్టాడు. బయటికి వచ్చినవాళ్లు ఎవరి కట్టె వాళ్లు తీసుకొని పోయారు.

జరిగింది ఇదే. అయితే ఆ ఏడే అక్కకు సంబంధం చూస్తున్నారు. పెండ్లి కావలసిన పిల్ల అంతమంది మగవాళ్ల నడుమ, ముసల్మాన్ల ఇంట్లోనుంచి బయటికి వచ్చిందంటే ఏమనుకుంటారోనని బాపుకు భయం. "మా పోరడు చేపను పట్టుకొచ్చిండు" అని చెప్పుకున్నాడు. పిల్ల పెండ్లి చెడగొట్టడమెందుకని ఊళ్లో ఎవరూ కాదనలేదు, నాకు కాదనే అవసరం లేదు. అక్క పెండ్లి అయిపోయి పిల్లలు పుట్టినా నేను ఆ కథలో నుంచి బయటికి రాలేదు. నేనూ పంతులునై, బడి సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను.

సార్ రిటైరయిన రోజు నల్లగొండలో సభ పెట్టి, ఆయన ప్రాణం కాపాడిన శిష్యుడని నా మెడలో దండ వేశారు. ఆయన నా పక్కనే కూర్చున్నాడు. తలుపు చాటునుంచి అంతా చూసినవాడు. చప్పట్లు తగ్గాక నా చెవి దగ్గరికి వంగి, "అక్క మంచిగున్నదా, బేటా?" అని అడిగాడు. మరుసటి ఏడు పోయాడు.

పిల్లలకు ఇదంతా చెప్పాను. మేనకోడలు లేచి వంటింటి గడప దగ్గరికి పోయి, వాళ్లమ్మను కొత్తమనిషిని చూసినట్టు చూసింది. అక్క ఛాయ్ కప్పుల పళ్లెం పట్టుకొని వచ్చి, ముందు నాకే అందించింది.

"గిప్పుడెందుకురా గదంత? పిల్లలు ఆకలి మీదున్నరు."

"నీకు కోపం రాలేదా అక్కా, ఇన్నేండ్లు?"

"సార్ బతికిండు గదా" అన్నది.

ఆ తలుపు ముందు "తెల్వదు" అన్న రోజు దాటి చాలా దూరం వచ్చేశాననుకున్నాను. నేను వచ్చిన దూరమేమీ లేదు. నిజం నేనే చెప్తానని, సార్ పోయేదాకా, అక్క ఇవాళ్టిదాకా, ఒక్క మాట అనకుండా నాకోసం ఆగి ఉన్నారు.