తలుపు దగ్గర దస్తగీర్ భాయ్

పత్తర్‌గట్టిలో షేర్వానీ గుడ్డ అమ్మే దస్తగీర్ భాయ్ ఎవరికన్నా ముందు గుమ్మం దాటగా చూసినవాళ్లు లేరు. ఎదురైంది షావుకారైనా, మూటలు మోసే మనిషైనా ఆయనకు ఒకటే. గుమ్మం దగ్గర ఒక అడుగు పక్కకు జరిగి, కుడిచెయ్యి లోపలికి చాపి, ముందు మీరు అంటాడు. ఒక పెళ్లిలో ఆయనలాంటి పెద్దమనిషే ఇంకొకాయన ఎదురయ్యాడట. మీరంటే మీరని ఇద్దరూ తలుపు దగ్గరే నిలబడిపోతే, వెనకాల పెళ్లికొడుకు బలగమంతా ఎండలో ఆగిపోయిందని ఆయన ఉండే కిషన్‌బాగ్‌లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

ఆయన భార్యది పరిగి దగ్గరి పల్లె. అందుకని ఆ ఇంట్లో తెలుగూ ఉర్దూ ఒకే కంచంలో కలిసేవి. కూతురు ఫిర్దౌస్ రెండింట్లోనూ వాదించగలదు. ఇంటర్ అయిన ఏడాది ఆమె పట్టిన వాదం ఒక్కటే. మేనమామ తౌఫీఖ్ అదే పేటలో పాత కంప్యూటర్లు కొని ఇంటర్నెట్ సెంటర్ తెరిచాడు. మధ్యాహ్నం పూట ఆడవాళ్లకే కేటాయించి, గల్ఫ్‌లో ఉన్న మగవాళ్లకు ఈమెయిల్ పంపడం, టైపింగ్ నేర్పించాలని అతని ఆలోచన. నేర్పడానికి ఫిర్దౌస్ కావాలి. ఫిర్దౌస్‌కూ అదే కావాలి. దస్తగీర్ భాయ్ మాత్రం వద్దన్నాడు. స్కూటర్ మీద ఆ దారిన వచ్చినప్పుడల్లా లోపల పిల్లలు ఆడే కంప్యూటర్ ఆటలోంచి తుపాకుల మోత వినబడేది ఆయనకు. పొద్దంతా కాల్చుకునే చోట నా బిడ్డ ఎట్ల కూసుంటదని ఆయన బాధ.

ఫిర్దౌస్ ఏడవలేదు, అలగలేదు. తండ్రి దుకాణంలో గిరాకీలతో అనే మాటనే తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"గుడ్డ తాను విప్పకుంటనే వంక పెడ్తరా అబ్బా?"

ముప్పై ఏళ్లుగా తను అంటున్న మాట. సరే, ఆ ఆట ఏందో నేనే ఆడి చూస్త, మొదటి మజిలీ దాటేదాక మంచి చెడు ఏదీ అనను, దాటినంక చెప్పింది మాత్రం ఆఖరు మాట, అన్నాడు.

శుక్రవారం దుకాణాలకు సెలవు. నమాజు అయ్యాక తండ్రీకూతుళ్లు సెంటర్‌కు వెళ్లారు. తౌఫీఖ్ బావగారి కోసం కుర్చీ తుడిచి పెట్టాడు. ఆయన దానిమీద దుకాణంలో పరుపు మీద కూర్చున్నట్టే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆట పాతది. ఆ కంప్యూటర్ల మీద కొత్తవి నడవవు. ఆకాశంలో ఎక్కడో చుక్కల మధ్య ఒక పెద్ద ఇనుప కోట. అందులోకి వేరే లోకం జీవులు చొరబడ్డాయి. మనుషుల్లో మిగిలింది ఒక్క సిపాయి. అతనే దస్తగీర్ భాయ్. తెర అడుగున తన తుపాకీ కొస మాత్రం కనబడుతుంది.

బాణం గుర్తులతో నడవాలని, పొడుగు మీట నొక్కితే తలుపు తెరుచుకుంటుందని, మూలనున్న మీట తుపాకీదని ఫిర్దౌస్ చూపించింది. ఆయన మెల్లగా నడిచాడు. తెర మీద మలుపు వస్తే కుర్చీలో తనూ ఒరిగాడు. మొదటి తలుపు వచ్చింది. మీట నొక్కాడు. తలుపు తెరుచుకుంది. ఎర్రకళ్ల పొట్టి జీవి ఒకటి ఎదురుగా నిలబడి ఉంది.

దస్తగీర్ భాయ్ పక్కకు జరిగాడు.

అది బయటికి వచ్చి, తీరిగ్గా తిరిగి, కాల్చింది. తెరంతా ఎర్రబడింది.

"ఏమైంది?"

"మీరు చచ్చిపోయిండ్రు అబ్బా."

ఆయన తన ఆత్మకు తనే శాంతి కోరుకుని మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అదే తలుపు, అదే మర్యాద, అదే చావు. తౌఫీఖ్ నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు. తలుపు తెరుచుకోగానే కాల్చాలి దుల్హేభాయ్, అడగొద్దు, చూడొద్దు అన్నాడు. ఆయన తలూపాడు. తలుపు దగ్గరికి రాగానే వేలు తనంతట తనే పక్కకు జరిగే మీట మీదికి పోయింది.

"వాడు మన ఇంటికొచ్చిన మెహమాన్ కాదబ్బా," అంది ఫిర్దౌస్. గొంతులో కంగారు దాగలేదు.

"తలుపు తీసింది మనమే గద బేటా."

మరికొన్ని చావుల తర్వాత ఆయన మొహం ముడుచుకుంది. చేతులు ఒళ్లోకి తీసుకున్నాడు. ఆ లేచే వాలకం ఫిర్దౌస్‌కు తెలుసు. లేస్తే ఇంక మాట అయిపోయినట్టే.

"ఇంకొక్కపారి ఆడుండ్రి," అంది. "గట్ల జరుగుడు తప్పకుంటే, మొత్తానికే జరుగుండ్రి. గోడకు అంటుకోని, కనబడకుంట నిలబడుండ్రి."

ఈసారి ఆయన గోడకు అతుక్కుపోయాడు. బయటికొచ్చిన పొట్టిజీవి ఆయన ముందునుంచే పోయి, ఎవరూ లేని దారిని వెతుక్కుంది. వెనకనుంచి కాల్చడం ఆయనకు సిగ్గనిపించింది. మాఫ్ కర్నా అని మీట నొక్కాడు. తలుపు తర్వాత తలుపు అలాగే దాటి, ఆఖరి హాలు దగ్గరికి వచ్చాడు. అందులో ఒక గుంపు పొట్టిజీవులు, వెనకాల కొండంత లావుది ఒకటి.

తలుపు తీసి పక్కకు జరిగాడు. పొట్టివన్నీ ఒక్కసారే గుమ్మంలోకి వచ్చి ఇరుక్కున్నాయి. వెనకున్న లావుది ఆగలేక కాల్చింది. దెబ్బ ముందున్న పొట్టిదానికి తగిలింది. అది గిర్రున వెనక్కి తిరిగింది. అంతే, లోపల లొల్లి లేచింది. మనిషిని మరిచిపోయి అవన్నీ ఒకదాన్నొకటి కాల్చుకుంటున్నాయి.

తౌఫీఖ్ కుర్చీ వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. ఇప్పుడే కాల్చు, కాల్చు అంటున్నాడు. దస్తగీర్ భాయ్ చెయ్యెత్తి అతన్ని ఆపాడు. ఇది ఆయనకు కొత్త కాదు. షేర్వానీ రంగు దగ్గర పెళ్లికొడుకు తల్లీ అక్కలూ కొట్లాడుకుంటుంటే మధ్యలో మాట్లాడిన సేల్స్‌మన్ బతకడు. వాళ్లంతట వాళ్లు అలిసిపోయేదాకా గజంబద్ద పట్టుకుని నిలబడాలి.

నిలబడ్డాడు. చప్పుడు తగ్గింది. లావుది ఒక్కటే మిగిలి, తూలుతూ గుమ్మంలోకి వచ్చింది. ఆయన ఒకే ఒక్క గుండు కాల్చాడు. హాలు చివర లిఫ్టు తెరుచుకుంది. మజిలీ ముగిసింది.

ఫిర్దౌస్ తండ్రి మొహమే చూస్తోంది. ఆయన మాత్రం ఇంకా తెరనే చూస్తున్నాడు.

"ఆడోళ్లున్నప్పుడు ఈ మోత ఉండొద్దు తౌఫీఖ్. బిడ్డ బల్ల తలుపుకు ఎదురుంగ కాదు, పక్కకెయ్యి," అన్నాడు. ఆపైన కొంచెం మొహమాటంగా అడిగాడు. "ఆడోళ్ల టైం అయిపోయినంక నేను రావచ్చునా? ఆ లిఫ్టు ఏడికి పోతదో చూడాలె."

మొదటిరోజు ఫిర్దౌస్‌ను ఆయనే స్కూటర్ మీద సెంటర్ దగ్గర దింపాడు. అప్పుడే ఒక ముసలామె, కోడలిని వెంటబెట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చింది. దస్తగీర్ భాయ్ పక్కకు జరిగి చెయ్యి చాపాడు. ఆమె పాతకాలపు మనిషి. తనూ ఒక అడుగు జరిగి, ముందు మీరు నాయనా అంది. కోడలు ఇద్దరివైపూ చూసి, ఎందుకైనా మంచిదని తనూ జరిగింది. లోపల కంప్యూటర్లన్నీ ఖాళీగా ఉన్నాయి.

"అబ్బా," అని లోపలినుంచి పిలిచింది ఫిర్దౌస్, "మీరు స్కూటర్ తీసుకోని దుకాణంకు పోండ్రి. మీరు ఆడ నిలబడ్తె ఈ తలుపు ఎవ్వరు దాటరు."