ఎడ్లకు చెక్క పెట్టిన ఏడు

ఏ.ఎస్. రావు నగర్‌లో మా వీధి మలుపున ఉన్న పూలకుండీల దుకాణంలో, గులాబీ మొక్కలకు ఎరువుగా వేయమని, నూనె తీయగా మిగిలిన వేరుశనగ చెక్క అమ్ముతున్నారు. మొన్న శుక్రవారం సాయంత్రం అటుగా వస్తుండగా, వేయించిన పల్లీకీ పాత గోనెకూ నడుమ ఎక్కడో ఉండే ఆ నూనె వాసన ముక్కుకు తగిలి, కూరగాయల సంచి చేతిలో ఉండగానే రెండు నిమిషాలు కదలక నిలబడిపోయాను. ఇంటికి వచ్చి డైరీలో వేళతో సహా రాసుకున్నాను.

మా పశువుల దొడ్డి మౌలాలి గుట్ట కింద, రైలు పట్టాలకు ఇవతల ఉండేది. వయసు మళ్ళి అరకకు పనికిరాని ఎడ్లను కొని, మేపి, ఒళ్ళు చేశాక ఫౌజు వంటశాలలకు కోతకు అమ్మడం మా వంశపు వృత్తి. నల్గొండ వైపు నుంచి వచ్చిన ముసల్మానులం కనుక ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళం. ఏటా తొలకరికి గుట్ట రాళ్ళ సందుల్లో పచ్చిక మొలిచేది; చలికాలానికి జొన్నచొప్ప బండ్లు వచ్చి దొడ్డి అంతా తీపి వాసన వేసేది; రంజాను పండుగ నాడు మా దాదీ సేమ్యాల పాయసం మాకు పెట్టడానికి ముందే దొడ్డిలోకి వెళ్ళి, ప్రతి ఎద్దు మేత గాడిలోనూ చేయి పెట్టి అడుగుదాకా తడిమి చూసి వచ్చేది. "ఆకలితోని ఉన్న జీవాన్ని కత్తికాడికి తోలుడు పాపం బిడ్డా," అన్నది ఆమె నాకు నేర్పిన మొదటి ధర్మం.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు మా వైపు వానలు పడలేదు. పాత ఫౌజు వంటశాలలు అప్పటికే మూతబడ్డాయి. మా సరుకు కొనేవాడు ఒకే ఒక్క కంట్రాక్టరు మిగిలాడు. అతడు వచ్చి, దొడ్డిలోని పన్నెండు ఎడ్లనూ చూసి, ఒకదాని తుంటి ఎముకకు తన టోపీ తగిలించి నవ్వాడు. "నెలన్నరకు మల్లొస్త. గిట్లనే ఉంటె ఒక్కటి సుత కొన," అని చెప్పి వెళ్ళిపోయాడు. అవి అమ్ముడుపోకపోతే దొడ్డి మూసేసి రైల్వేలో కూలికి పోవడం తప్ప దారి లేదని మా అబ్బా ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని అన్నాడు.

జొన్నచొప్ప దొరకని ఏడు అది. ఉన్నదల్లా ఎండి తెల్లబారిన వరిగడ్డి. దానికి తోడుగా ఏదో ఒక దాణా మాత్రమే కొనగలం. చుట్టుపక్కల వాళ్ళంతా జొన్నలు పోస్తున్నారు. గింజ తింటే ఒళ్ళు వస్తుందన్నది అందరి నమ్మకం. అబ్బా కూడా జొన్నలే అన్నాడు. దాదీ అతణ్ణి దొడ్డిలోకి తీసుకుపోయి, ఒక పుల్లతో పేడకడిని విరిచి చూపింది.

"జూడు ఖాసిం. గిట్ల పొరలు పొరలుగ, కట్టెలెక్క గట్టిగున్నదంటె లోపల గడ్డి అరుగుతలేదు. దీనికి గింజ గాదు, పల్లిచెక్క గావాలె."

"చెక్క పాడిబర్రెలకు పెడ్తరే అమ్మా. కోత ఎడ్లకు ఎవలన్న పెడ్తరా? నవ్వుతరు."

"నవ్వనీ. నవ్వెటోళ్ళ ఎడ్లను సుత నేను జూసిన."

చివరకు మూడు వారాల ఒప్పందం కుదిరింది. ఆరు ఎడ్లకు తలా మూడు శేర్ల జొన్నలు, అబ్బా లెక్క. ఆరింటికి తలా శేరు చెక్క, దాదీ లెక్క. గడ్డి మాత్రం తిన్నంత. దాదీ ప్రతి చెక్కనూ విరిచి, వాసన చూసి, ఒక ముక్క తాను నమిలి, బూజు రుచి లేదని తేలాకే నానబెట్టేది. ఆ నానిన చెక్కను గడ్డిమీద చల్లడం, శుక్రవారం నమాజు తర్వాత ఎద్దు ముందుకాళ్ళ వెనుక, ఛాతీ చుట్టూ తాడు వేసి కొలిచి రాయడం తొమ్మిదేళ్ళ నా పని. తొక్కుడుబిళ్ళ ఆటకు రమ్మని తోటిపిల్లలు గోడ అవతల అరుస్తున్నా, వేళ్ళ లెక్క తప్పకుండా పలక మీద రాసేదాన్ని. గడ్డిబండి మస్తాను గేటు దగ్గర ఆగి మరీ వేళాకోళమాడేవాడు.

"ఏం చాచీ, ఎడ్లను పాలు పిండుతవా ఏంది?"

"పిండుత బిడ్డా. నీకు సుత రెండు గిలాసలు పంపుత, జెర ఓపిక పట్టు."

మొదటి శుక్రవారం తేడా లేదు. రెండో శుక్రవారం చెక్క తిన్న ఎడ్ల గాడుల్లో గడ్డిపరక మిగలలేదు; జొన్నలు తిన్నవి గింజలు నాకేసి గడ్డిని తొక్కి పారేశాయి. మూడో శుక్రవారం నా పలక మీద, చెక్క తిన్న ఆరింటిలో ఏదీ రెండు వేళ్ళకు తగ్గకుండా పెరిగింది. జొన్నల ఆరింటిలో నాలుగు ఒక్కొక్క వేలు, రెండు అసలు పెరగలేదు. అబ్బా నన్ను మళ్ళీ కొలవమన్నాడు. కొలిచాను. తాడు తాను తీసుకుని మూడోసారి కొలిచాడు. తర్వాత మిగిలిన జొన్నల బస్తాను భుజాన వేసుకుని దొడ్డిలోంచి వంటింట్లోకి మోసుకొచ్చాడు. ఆ చలికాలమంతా మేము జొన్నరొట్టెలే తిన్నాము. దాదీ ప్రతి రొట్టెకూ "తిను ఖాసిం, ఒళ్ళు జెయ్యి," అనేది, అబ్బా తల వంచుకుని నవ్వేవాడు.

పన్నెండింటికీ చెక్క పెట్టిన మరో మూడు వారాలకు కంట్రాక్టరు వచ్చాడు. అరచేత్తో పక్కటెముకలు నొక్కి నొక్కి చూసి, పది ఎడ్లను ఏరి, ఏం పెట్టారని అడిగాడు. అబ్బా దొడ్డి మధ్యలో, మస్తాను వింటుండగా, "మా అమ్మనడుగు సాబ్," అన్నాడు. వెనకబడిన రెండింటినీ సగం ధరకు ఇమ్మని కంట్రాక్టరు అడిగితే దాదీ ఒప్పుకోలేదు. "అవి ఇంకా నిండలె," అని గేటు మూసింది. మరో నెల మేపాకే అవీ వెళ్ళాయి. ఆ వేసవి నుంచి గుట్ట కింద దొడ్ల వాళ్ళంతా మా ఇంటికి వచ్చి, చెక్క ఎంత, ఎన్ని గంటలు నానాలి అని ఆమె మంచం పక్కన నేలమీద కూర్చుని అడిగేవారు. తన బండి ఎడ్ల కోసం మస్తాను అందరికంటే ముందు వచ్చాడు.

దాదీ లేదు, అబ్బా లేడు. పట్టాలకు ఇవతలి ఆ నేలంతా ఇప్పుడు రెండంతస్తుల ఇళ్ళు. గడ్డిబండ్లు వచ్చిన తోవలో ఆటోలు నిలబడుతున్నాయి. మా కాలనీలో ఎవరైనా మీ పెద్దలు ఏం చేసేవారని అడిగితే, అక్కడున్న వాళ్ళలో కొందరు నా కోసం ఇబ్బందిపడి మాట మార్చబోతారు. నేను మార్చనివ్వను. కోతకు పశువులను మేపేవాళ్ళమని చెబుతాను. కరువు ఏట మా గేటు దాటిన పన్నెండింటిలో ఒక్కటి కూడా ఆకలితో దాటలేదని కూడా చెబుతాను.