ఏటి చలికి బాపు నేసిన అంగీ

మొన్న మా మనవరాలు విశాఖ సముద్రంలో పలక మీద నిలబడి అలలెక్కడం నేర్చుకుంటానని, అందుకు ఏం తొడుక్కోవాలో ఫోనులో వెతుకుతూ నా పక్కన కూర్చుంది. నీళ్లు వెచ్చగా ఉంటే పలుచని చొక్కా చాలట, చల్లబడితే ఒంటికి అతుక్కునే రబ్బరు తొడుగట, చలి పెరిగినకొద్దీ దాని మందమూ పెరగాలట. మందం మాట వినగానే నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే మేం బాపు అని పిలిచే మా నాన్న గుర్తొచ్చి ఆగిపోయింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో నాకు బడిపంతులు ఉద్యోగం వచ్చింది. మా ఇల్లు గోదావరికి ఇవతల కరీంనగర్ జిల్లాలో, బడి అవతల ఆదిలాబాద్ జిల్లాలో. వానాకాలమంతా పడవ నడిచేది కానీ, నీళ్లు తగ్గి ఇసుక మేటలు తేలాక అది ఆగిపోయేది, నడిమి పాయ ఒక్కటి ఈదక తప్పేది కాదు. నడుముకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టుకొని, చేపలు పట్టే ఒక పెద్దాయన వెంట రోజూ దాటేవాణ్ణి. ఆయనను కాకా అనేవాణ్ణి. ఎండాకాలం ఏది కట్టుకున్నా చెల్లేది, ఒడ్డెక్కి నాలుగడుగులు వేసేసరికి ఆరిపోయేది. పుష్యమాసంలోనే అసలు పరేషాన్, పళ్లు టకటకా కొట్టుకునేవి.

నా దగ్గు విని బాపు ఊరుకోలేకపోయాడు. మగ్గం మీద రెండేసి పోగులు కలిపి దొడ్డు బట్ట నేశాడు, నన్ను కన్న అవ్వ దానిని నిండు చేతుల అంగీగా కుట్టింది. మర్నాడు దానితోనే నీళ్లలో దిగాను. నడిమి పాయకు వచ్చేసరికి అది తాగగలిగినన్ని నీళ్లు తాగి నా చేతులు లేవనీయలేదు, బుర్రలు కూడా మునగసాగాయి. కాకా జుట్టు పట్టి లాగకపోతే ఈ ముచ్చట చెప్పడానికి నేను ఉండేవాణ్ణి కాను. ఒడ్డున అంగీ పిండుతూ ఆయన తిట్టిన తిట్లు రాయలేను గానీ, చివరి మాట మాత్రం మరువలేదు.

"నీళ్లల్ల ఏం తొడిగినా చలే సారూ. ఒంటికి నూనె రాసుకొని గోచితోని దిగు. పొడిబట్ట నెత్తిన వెట్టుకపో, ఒడ్డెక్కినంక తొడుక్కో."

సాయంత్రం బాపు గడపలోనే నిలబడి అడిగాడు, "చలి ఆగిందా బిడ్డా?" అని. ఆగిందన్నాను. వెలిగిపోయిన ఆ ముఖం చూశాక నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఆ తర్వాత అంగీ తొడుక్కునే ఇల్లు కదిలేవాణ్ణి, ఏటి దగ్గర ఇప్పి నెత్తిన మూట కట్టుకునేవాణ్ణి. అవతలి ఒడ్డున అది నిజంగానే వెచ్చగా ఉండేది, కాబట్టి నాది సగం అబద్ధమేనని సర్దిచెప్పుకునేవాణ్ణి.

ఒకనాడు బాపు, అంగీ ఎట్లా పనిచేస్తుందో కళ్లారా చూస్తానని ఏటిదాకా వచ్చాడు. ఇప్పితే ఆయన మనసు విరుగుతుంది, ఇప్పకపోతే నేను మునుగుతాను. కాకా గుడ్లురుముతున్నా వినక అంగీతోనే దిగాను. నడుము లోతు కూడా రాలేదు, వెనుక నుంచి బాపు కేక.

"ఇప్పు బిడ్డా! జల్ది ఇప్పు!"

బతుకంతా తడి నూలు పిండిన మనిషి, ఆ బట్ట వేలాడిన తీరు చూసే బరువు పట్టేశాడు. నీళ్లలోకి తానే వచ్చి ఇప్పి, పిండి, భుజాన వేసుకొని ఇంటికి పోయాడు. వారం తిరగకముందే చదరపు బట్ట ఒకటి నేసి నా చేతిలో పెట్టాడు, అంగీని మూట గట్టుకోవడానికి.

ఇప్పుడక్కడ వంతెన ఉంది, కారు అద్దం దించకుండానే దాటేస్తున్నాం. కాకా లేడు, మా మగ్గం గుంటను ఎన్నడో పూడ్చేశారు. తొడుగు ఎంచుకున్న మనవరాలిని, మరి నీళ్లలోంచి పైకొచ్చాక ఏం కప్పుకుంటావే అని అడిగితే, అది ఆలోచించలేదంది. పెట్టె తెరిచి చూశాను. అంగీ చివికిపోయి ఏనాడో పోయింది గానీ ఆ చదరపు బట్ట ఉంది, అందులో పొడి దుప్పటి ఒకటి మూట కట్టి ఇచ్చాను. తిరిగొచ్చాక చలి ఆగిందా బిడ్డా అని అడుగుతాను. నన్ను అట్లా అడిగేవాళ్లు ఇప్పుడెవరూ లేరు.