నిండు జీపు కొలత

మా మరిదికి ఫోన్‌లో జీపులు బండరాళ్లు ఎక్కడం చూసే జబ్బు పట్టింది. ఇది ఆ ఏడాది సంగతి. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది, నాకు సంతకం వరకే వచ్చు. మధ్యలో ఆ పిల్ల నవ్వి అక్షరం వంకర పోతే అది నా తప్పు కాదు.

మాది ఆత్మకూరు దగ్గర ఊరు. పన్నెండు మంది ఆడవాళ్లం తెల్లవారుతుండగానే జీపెక్కి, జూరాల దాటి, గద్వాల వైపు సీడ్ పత్తి చేలకు పోతాం. అక్కడ మా పని పువ్వులతో. ఒక వరస మొగ్గల రేకులు గిల్లి సిద్ధం చేసి, ఇంకో వరస నుంచి పువ్వు తెచ్చి, దాని పుప్పొడి వీటికి అద్దాలి. దాన్నే క్రాసింగ్ అంటాం. వేళ్లు నెమ్మదిగా ఆడాలి. కొంచెం వణికినా మొగ్గ తొడిమతో సహా చేతిలోకి వస్తుంది. మొగ్గ రాలితే కాయ లేదు, కాయ లేకపోతే చేను రైతు మొహం చూడలేం.

ఆ జీపు మా ఆయనది. ఆయన ఉన్నప్పుడు రోజూ పొద్దున దాని మొహం కడిగి, తుడిచి, ఆ తర్వాతే తన మొహం కడుక్కునేవాడు. నా వంతు ఎప్పుడు వచ్చేదో అడగకండి. ఆయన పోయాక నడిపేది మా మరిది. ఆడవాళ్లను పోగుచేసేది నేను. ఇంట్లో మా ఆయన వస్తువులు ఇంకా ఉన్నాయి కానీ, కదిలేది ఆ జీపు ఒక్కటే.

తారు రోడ్డు అయిపోయాక వాగు, వాగు దాటాక గుండ్ల బాట. చక్రం గుంతలో పడ్డప్పుడల్లా కింద స్ప్రింగుల్లా ఉండే కమాన్ పట్టీలు మమ్మల్ని పైకి ఎగరేస్తాయి. ఆ ఎగురుడును అదిమి పట్టడానికే షాకబ్జర్లు ఉంటాయి. మా జీపువి చమురు కారిపోయి ఉత్త గొట్టాలయ్యాయి. చేను చేరేసరికి మా వేళ్లు దడదడలాడేవి. కాసేపు గట్టు మీద కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంటే కానీ పని మొదలుపెట్టలేకపోయేవాళ్లం.

ఒకరోజు మా వెనకింటామె జీపు దిగుతూనే నడుము పట్టుకుని చెప్పేసింది. ఆమె నోటికి భయపడి వాళ్ల కోడి కూడా మా పెరట్లోనే గుడ్డు పెడుతుంది.

"అక్కా, నీకు మర్యాద ఇచ్చి ఇన్నొద్దులు ఊకున్న. ఇగ నాతోని కాదు. సంత దాంక జూస్తం. సంత తెల్లారి నుంచి ట్రాలీ ఆటోల పోతం. ఆటో ఆయన మెత్తగ గడ్డి పరుస్తనన్నడు."

"గడ్డి పరుస్తడా? మనం ఆడోళ్లమా, ఆవులమా?" అన్నాను.

అందరూ నవ్వారు కానీ, కాదని ఎవరూ అనలేదు. మా అందరిలో పెద్దది, పెద్దవ్వ, అది కూడా నేల చూపులు చూసింది. సంత శనివారం. ఇంకా తొమ్మిది రోజులుంది.

ఆ మాట మా మరిది చెవిన పడింది. "గా ఆడోళ్లంత పోతే జీపు ఎందుకు వదినె? అమ్ముకునుడే," అన్నాడు. అని, అన్నం కలిపినవాడు కలిపినట్టే కూర్చున్నాడు. నేనూ ముద్ద పళ్లెంలోనే పెట్టేశాను. కానీ ఇద్దరం మొహాలు వేలాడేసుకుంటే ఎలా అని, "అమ్ముతే అమ్ముదువు గని, ముందుగాల్ల ఆ షాకబ్జర్లు మార్వు," అన్నాను.

అంతే, ఫోన్ తీశాడు. నాగర్‌కర్నూల్‌లో ఎవరో సరదాకు రాళ్ల మీద జీపు తోలుతారట, వాళ్లను పోయి చూసి కూడా వచ్చాడు. రెండో రోజు సంకలో పొడుగాటి పెట్టె పట్టుకుని దిగాడు. అందులో కొత్త షాకబ్జర్లు, ఎర్రగా, పాతవాటికంటే జానెడు పొడుగు.

"జూసినవా వదినె! చక్రం ఎంత గుంతల పడ్డా గంత దూరం దిగుతది, నేలను ఇడ్సిపెట్టదు. గా నాగర్‌కర్నూల్ జీపు బండ మీద మేక లెక్క ఎక్కింది!"

"మేక మీద పన్నెండు మంది గూసున్నరా?"

"నీకు తెల్వదు వదినె."

నిజమే, నాకు తెలియదు. ఊళ్లో వెల్డింగ్ షెడ్డుకు పోయి, వాడూ షెడ్డు అతనూ కలిసి వాటిని బిగించారు. జీపు కొంచెం ఎత్తు కూడా లేచింది. మా మరిది ఒక్కడే గుండ్ల బాటదాకా పోయి వచ్చాడు. వచ్చి నా ముందు నిలబడిన తీరు చూస్తే పెళ్లిచూపుల నాడు కూడా అంత మెరిసి ఉండడు.

"పల్లకి వదినె, పల్లకి!"

మరునాడు పన్నెండు మందిమి ఆ పల్లకి ఎక్కాం. వాగు దాటాం. మొదటి గుంతలో కింద నుంచి ఎవరో సమ్మెటతో కొట్టినట్టు ఠంగుమంది. ఆ దెబ్బ నడుములో మొదలై నడినెత్తిన ఆగింది. ఇంకో గుంత, ఇంకో దెబ్బ. పాత షాకబ్జర్లు మమ్మల్ని ఎగరేసేవి, ఇవి గుద్దుతున్నాయి.

"మేక పొడుస్తున్నది అక్కా!" అని వెనకింటామె అరిచింది.

ఆ రోజు నా ఒక్కదాని చేతిలోనే ఏడు మొగ్గలు రాలాయి. మిగతావాళ్లవి నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

సాయంత్రం మా మరిదితో అంటే వినడే! "ఆడోళ్లకు అలవాటు లేక గట్ల అనిపిస్తది. నేను పోయినప్పుడు సప్పుడే లేదు," అంటాడు. నేను నీళ్ల చెంబు అక్కడే పెట్టి ఆలోచించాను. వాడు అబద్ధం ఆడేవాడు కాదు. వాడు ఒక్కడే పోతే చప్పుడు లేదు. మేం ఎక్కితే ఉంది. నేను కూర్చునేది సరిగ్గా కుడి వెనక చక్రం మీద, చప్పుడూ అక్కడి నుంచే. అంటే దోషం రాళ్లలో లేదు, మాలో ఉంది.

"మరిదీ, గవి బిగిచ్చినప్పుడు జీపుల ఎవరున్నరు?"

"ఎవరుంటరు? ఖాళీ జీపే."

"ఖాళీ జీపు కొలత దీసి నిండు జీపుకు అంగి కుట్టినవ్."

వాడు లేచి పోయి జీపు చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చాడు. వాడు అలా తిరిగితే ఒప్పుకున్నట్టే.

బుధవారం వాన పడింది. వానలో క్రాసింగ్ పని ఉండదు. నేను ఇల్లిల్లూ తిరిగి అందరినీ జీపెక్కించాను. ఎక్కడికి అంటే వనపర్తి అన్నాను. చీరల దుకాణానికి అనుకుని ఇద్దరు తలకు నూనె పెట్టుకుని మరీ వచ్చారు. తీసుకుపోయి మెకానిక్ షెడ్డు ముందు ఆపితే వెనకింటామె నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

ఆ షెడ్డు మేస్త్రి ముసలాయన, తెల్ల గడ్డం. మా ఆయన కాలం నుంచి ఆ జీపును ఎరిగినవాడు. దిగబోతున్న మమ్మల్ని చూసి మా మరిది, "దిగుండ్రి, దిగుండ్రి," అన్నాడు. నేను, "ఎవ్వరూ దిగొద్దు," అన్నాను. మేస్త్రి ఇద్దరినీ చూశాడు.

"ఏందమ్మా ఇది?"

"భాయ్, నొప్పి ఉన్నది మేం గూసున్నప్పుడే. గందుకే గూసుండే వచ్చినం. గిట్లనే జూడు."

ఆయన గడ్డం గోక్కుని నవ్వాడు. కింద గోనె పట్టా పరుచుకుని జీపు కిందికి దూరాడు. అందరూ ఫోటోకు కూర్చున్నట్టు కొంగులు సర్దుకుని బిగుసుకుపోయారు. "గిట్లనా మనం గూసునేది?" అన్నాను. మా దారిలో పొద్దున దక్షిణానికి పోయేటప్పుడూ, సాయంత్రం ఉత్తరానికి వచ్చేటప్పుడూ ఎండ ఎడమ పక్కనే కొడుతుంది. అందుకని బరువున్న పెద్దవాళ్లంతా కుడి బల్ల మీదికి చేరతారు. బక్కవాళ్లు, చిన్నవాళ్లు ఎండ పక్క. సద్ది గిన్నెలు, నీళ్ల డబ్బాలు కూడా నీడ పక్కనే. ఆ షెడ్డులో ఎండ లేదు కాబట్టి అందరూ సమానంగా కూర్చున్నారు. నేను మళ్లీ ఎవరి చోటికి వాళ్లను పంపాను. జీపు కుడివైపు ఒక్కసారి మూలిగి కుంగింది.

కింద నుంచి మేస్త్రి కేక వేశాడు. "యా అల్లా! కుడిపక్క ఎవరున్నరమ్మా?"

పెద్దవ్వ తల వంచి కిందికి చెప్పింది. "నేనొక్కదాన్నే బిడ్డా, మిగిలినోళ్లంత గాలి."

నవ్వు ఆగితే కదా కొలత కుదిరేది. నవ్వితే జీపు ఊగుతోంది, ఊగితే మేస్త్రి తిడుతున్నాడు, తిడితే మళ్లీ నవ్వు.

ఆయన బయటికి వచ్చి, మా మరిది మెడ వంచి కింద చూపించాడు. షాకబ్జరు అంటే ఒక గొట్టంలోకి ఒక కడ్డీ దిగుతూ లేస్తూ ఉండడమే. పొడుగు షాకబ్జరు బాగా సాగుతుంది, నిజమే. కానీ ముడుచుకున్నా పాతదానికంటే పొడుగే. మేం ఎక్కగానే జీపు కుంగి, కడ్డీ దాదాపు అంతా గొట్టంలోకి పోయింది. కుడిపక్క మిగిలింది వేలెడు. గుంత వస్తే ఇంకా పోవడానికి చోటు లేక ఇనుమును ఇనుము కొడుతోంది.

"కాలు సాపుకునేటందుకు జాగా ఇచ్చినవ్. ముడుసుకునేటందుకు ఇయ్యలే," అన్నాడు మేస్త్రి.

తర్వాత మమ్మల్ని దింపి, జాకీతో జీపును లేపి, చక్రాన్ని గాలిలో వేలాడదీశాడు. పొడుగు షాకబ్జరు వల్ల చక్రం పాతకంటే కిందికి దిగి, బ్రేకు పైపు బట్టలారేసే తాడులా బిగుసుకుని ఉంది. "ఇది తెగుతే ఏంది సంగతి? పన్నెండు మందిని వాగుల కలుపుతుంటివి!" అని కేకలేశాడు. మా మరిది మొహంలో నెత్తురు లేదు. అప్పుడు మాత్రం నేను ఎగతాళి చేయలేదు.

ఆయన షాకబ్జరు పై కొసను పట్టుకునే ఇనుప చెవిని కోసి, నాలుగు వేళ్లు పైకి పెట్టి అతికాడు. కమాన్ల మీద ఉండే రబ్బరు దిమ్మను ఎత్తుది వేశాడు, కడ్డీ అడుగు తగలకముందే బరువు రబ్బరు మీద ఆగేలా. బ్రేకు పైపు పొడుగుది మార్చాడు. మమ్మల్ని రెండుసార్లు ఎక్కించి, రెండుసార్లు దింపి, ప్రతిసారీ సుద్దతో గీత గీశాడు. చివరికి మా మరిదిని కాదని నాతో చెప్పాడు. "అమ్మా, ఇనుము పని అయింది. మీ పని ఉన్నది. బరువోళ్లల్ల సగం మంది ఎండకు గూసోవాలె."

ఆ మాటకు పడినంత గొడవ షాకబ్జర్లకు కూడా పడలేదు. తిరిగి ఊరు చేరేదాకా ఎండ పక్క ఎవరనే పంచాయితీ తెగలేదు. వంతులు వేశాను, రోజు విడిచి రోజు. వెనకింటామె మాత్రం, "ట్రాలీకి మాట ఇచ్చిన అక్కా, సంత దాంకనే," అని దిగి వెళ్లిపోయింది.

గురువారం వాగు దాటాక మా మరిది జీపును కాళ్లీడ్చినట్టు నడిపాడు. గుంతలో చక్రం దిగడం తెలిసింది, లేవడం తెలిసింది. మధ్యలో దెబ్బ లేదు. కాసేపటికి భయంభయంగా అడిగాడు. "ఏంది, ఎవ్వరు మాట్లాడుతలేరు?"

వెనక్కి చూశాను. పెద్దవ్వ నోరు తెరుచుకుని నిద్రపోతోంది. దాని భుజం మీద తల పెట్టి వెనకింటామె నిద్రపోతోంది. ఆ నోరు మూసి ఉండగా చూడడం నాకు అదే మొదటిసారి. మా మరిదికి ఊరుకోమని చెయ్యి ఊపాను. చేలో దిగి అందరూ గట్టు మీద ఆగకుండా నేరుగా సాళ్లలోకి నడిచారు. నా చేతిలో ఆ రోజు ఒక్క మొగ్గే రాలింది, అది చీమ కుట్టి.

సంత తెల్లారి ట్రాలీ ఆటో నిజంగానే వచ్చింది. మేం జీపెక్కే చోటికే వచ్చి పాంపాంమని మోగించాడు. గడ్డి కూడా పరిచాడు, పచ్చగా. ఆడవాళ్లంతా రెండు బండ్ల నడుమ నిలబడ్డారు. మా మరిది స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. నేను ఎవరినీ రమ్మనలేదు. పిలిచి ఎక్కించుకుంటే అది రేపటికి నిలవదు.

పెద్దవ్వ ట్రాలీ దగ్గరికి పోయి గడ్డిని చేత్తో తడిమింది.

"మంచిగున్నది బిడ్డా. పోయి మీ బర్లకెయ్యి," అని వచ్చి జీపెక్కింది.

దాని వెనక ఒక్కొక్కరే ఎక్కారు. వెనకింటామె చివరిదాకా నిలబడి ట్రాలీ అతనికి ఏదో చెప్పింది, చేతులు తిప్పుతూ. ఆమె వచ్చేసరికి ఎండ పక్క చోటొక్కటే మిగిలింది. "నా వంతు నిన్ననే అయిపాయె!" అని గొణుగుతూనే కూర్చుంది.

జీపు కదలదే! చూస్తే మా మరిది అద్దంలో మమ్మల్ని లెక్కపెడుతున్నాడు. అయిపోయాక మళ్లీ మొదటి నుంచి.

"ఏంది మరిదీ, మల్ల కొలుస్తున్నవా? నడువ్," అన్నాను.

చేతి వెనకతో కళ్లు తుడుచుకుని, దుమ్ము పడిందన్నాడు. బండి ఇంకా స్టార్టే చేయలేదు.