అట్ల పెనం దగ్గర నేను జారిపడిన వైనం

కాలు జారి పడినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. అసలు జారకుండానే పడి, కొంప ముంచుకున్నవాణ్ని చూడాలంటే మాత్రం నా దగ్గరికే రావాలి.

అప్పట్లో నేను నందిగామలో హైవే పక్కనున్న ఒక హోటల్లో అట్ల మాస్టర్ని. జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో వెళ్లేవాణ్ని. అక్కడ పూరీలు వేసే యేసుదాసు పాదం మీద ఒకరోజు కాగిన నూనె ఒలికింది. పాపం, విలవిల్లాడిపోయాడు. నేనే ఎత్తుకెళ్లి ఆటో ఎక్కించాను. అక్కడిదాకా నేను మంచివాణ్నే.

మర్నాటి నుంచి మొదలైంది నా మంట. యేసుదాసుకి ఈఎస్ఐ ఆసుపత్రిలో వైద్యం ఉచితం. పనిలో తగిలిన దెబ్బ కాబట్టి ఇంట్లో కూర్చున్నా డబ్బులొస్తాయి. పైగా ఓనరుగారు స్వయంగా యాపిల్స్ పట్టుకెళ్లారు. ఇన్నేళ్లలో నాకొక అరటిపండు ఇచ్చిన పాపాన పోలేదు! వాడి కాలు కన్నా నా కడుపే ఎక్కువ కాలింది.

పరామర్శకు వెళితే, వాడు దిండు మీద కాలు చాపుకుని, "రా అన్నా, యాపిల్ తిను" అన్నాడు. ఆ ముక్క నా గొంతు దిగలేదు.

ఆ వారమే, పెనం పక్కన ఎప్పుడూ నీళ్లు నిలిచే చోట, అటూ ఇటూ చూసి, మెత్తగా కూర్చుని, తర్వాత గట్టిగా అరిచాను.

"అమ్మో, నడుం!"

నడుంనొప్పి ఏ ఎక్స్‌రేకి దొరుకుతుంది చెప్పండి? డాక్టరుగారు నొక్కిన చోటల్లా కేక పెట్టాను. విశ్రాంతి రాసిచ్చారు.

ఓనరుగారు మా ఇంటికీ వచ్చారు. యాపిల్స్‌తోనే! నేను మూలుగుతూనే సంచీ వైపు ఓ కన్నేశాను. అంతలో మా ఆవిడ పద్మ ఆయనకు పెసరట్టు, అల్లప్పచ్చడి పెట్టింది. ఒకటి తిన్నారు. ఇంకోటి అడిగారు.

"అమ్మా, మీ ఆయన లేచేదాకా మా హోటల్లో అట్లేస్తావా?"

"వస్తానండి. ఆ తడిలో మాత్రం నిలబడనండి. ఈయన గతి చూశారుగా! నీళ్లు పోయేట్టు గచ్చు బాగుచేయించండి. రబ్బరు మ్యాట్ వేయించండి. జారని చెప్పులు ఇప్పించండి."

"రేపే చేయిస్తానమ్మా."

రేపేనట! అదే తడిలో ఇన్నేళ్లు నిలబడ్డ నాకు, నోరు తెరిచి అడగొచ్చని తోచనే లేదు.

కొన్నాళ్లకు కాలు మానిన యేసుదాసు నన్ను చూడ్డానికి వచ్చాడు.

"అన్నా, వదిన పెసరట్టు కోసం కోర్టు ప్లీడర్లు లైన్లో నుంచుంటున్నారు. ఇన్నాళ్లూ నీ అట్లు ఎట్టా తిన్నామా అనుకుంటున్నారు!"

అంతే. మంచం మీంచి ఒక్క గెంతు గెంతాను. బస్టాండుకు పరిగెత్తి కదిలే బస్సెక్కాను. హోటల్ ముందు దూకేసరికి ఎదురుగా ఓనరుగారు.

"ఏమయ్యా, నడుం తగ్గిందా?"

"పూర్తిగా తగ్గిందండి! ఇప్పుడే పెనం అందుకుంటా!"

"సంతోషం. పెనం పద్మమ్మకే ఉండనీ. నువ్వు పెసలు రుబ్బు."

రుబ్బాను. ఇప్పటికీ రుబ్బుతూనే ఉన్నాను. మొదటిరోజే మా ఆవిడ హోటలంతా వినపడేలా కేకేసింది.

"ఏవండీ, ఆ చెప్పులేసుకోండి, మళ్లీ పడతారు!"

కాబట్టి పాఠకులారా, గ్రైండరు మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక కింద పడను. నిజంగానే కాలు జారినా సరే, గాల్లోనే ఆగిపోతాను.