మొద్దు దగ్గర నీలి

ఆ ఉదయం నీలి గుండె మాత్ర వేసుకోలేదు. హోటలు నుంచి మాంసం ఆర్డరు ఉన్న రోజున వేసుకోదు. వేసుకుంటే కత్తి పట్టిన చెయ్యి మొద్దుబారుతుందని ఆమె నమ్మకం.

ఆమె గుండెలో పుట్టుకతోనే రంధ్రం. పెదవులు నీలంగా ఉండేవి కాబట్టి ఇంట్లో పెట్టిన పేరు నీలి. నాలుగో ఏట ఛాతీ కోసి రంధ్రం మూశారు. లోపల మిగిలిన కోత మచ్చ నుంచే ముప్పై దాటాక గుండె లయ తప్పడం మొదలైంది. రెండుసార్లు స్పృహ తప్పి పడిపోయాక డాక్టరమ్మ ఎడమ భుజం దగ్గర చర్మం కింద చిన్న యంత్రం పెట్టింది. గుండె అదుపు తప్పి పరుగెడితే అది లోపలి నుంచి షాక్ కొట్టి దారికి తెస్తుంది.

"అది ఒక్కసారి కొట్టిందా, నువ్వు నరికే మొద్దు వదలాలి," అన్నాడు అన్న ఆ రోజే. మాంసం దుకాణంలో ఉండేది వాళ్లిద్దరే. అన్న ఎముక పట్టుకుంటాడు, చెల్లెలు నరుకుతుంది. పట్టుకున్నవాడు కత్తి వంక చూడకూడదన్నది నాన్న నేర్పిన పద్ధతి. చూస్తే చెయ్యి జంకుతుంది.

"ఏమే, ఇవాళ తెగ నరుకుతున్నావ్. ఎవరి మీద కోపం?"

"ఎముక పట్టుకుని వాగేవాళ్ల మీద."

మెడలో నరం టపటపా కొట్టుకోవడం ఆమెకు తెలిసింది. ఈ తొడ ఒక్కటీ అయిపోతే కూర్చుందామనుకుంది. కత్తి ఎత్తింది. ఛాతీలో గాడిద తన్నినట్టయింది. చెయ్యి ఎగిరిపడి, కత్తి పక్కకి దిగింది. ఎముకకి బదులు అన్న రెండు వేళ్లు తెగాయి. రక్తం గోడ మీదికి చిమ్మింది. నీలి నేల మీద పడ్డాక యంత్రం మళ్లీ కొట్టింది. ఆమె కేక వీధి చివరిదాకా వినిపించింది. అన్న తెగిన చేతిని గోనెగుడ్డలో చుట్టుకుని, రెండో చేత్తో ఆమెను జుట్టు పట్టి ఆటో దాకా ఈడ్చాడు.

ఆసుపత్రిలో వేళ్లు అతకలేదు.

"మాత్ర మానేశావా?" అంది డాక్టరమ్మ.

"వేసుకుంటే కత్తి ఆడదమ్మా."

"ఇవాళ బాగా ఆడిందిలే," అన్నాడు పక్క మంచం మీది అన్న.

డాక్టరమ్మ నవ్వలేదు. మంగళవారం తొడ నరంలోంచి గుండెలోకి తీగ పంపి, లయ చెడగొడుతున్న మచ్చ అంచుని కాలుస్తానంది. మాత్ర మాత్రం తప్పదంది.

"ఆ తర్వాత నరకొచ్చా?"

డాక్టరమ్మ కంటే ముందు అన్నే అందుకున్నాడు. "ఎముకలు కోసే రంపం మెషీనుకి ఆర్డరు చెప్పేశాను. నువ్వు తూకం దగ్గర కూర్చో."

నీలి గోడ వైపు తిరిగి పడుకుంది. మంగళవారం మచ్చ కాల్చాక, శనివారం దుకాణం తెరిచారు. తూకం ఆమెదే.